గొలుసుకట్టు ఉత్తరం

నిన్న పక్కింటావిడ ఉత్తరం చదవమని తెచ్చింది. గొలుసుకట్టు రాత. తడుముకోకుండా చదివాను గానీ నోరంతా చేదైంది.

చిన్నప్పుడు పూండి దగ్గర మా ఇంట్లో బడికి వెళ్లేది నేనొక్కణ్ణే. నాన్న ఇచ్ఛాపురం సంతలో కొన్న రెండు తెల్ల కుందేళ్లు ఇల్లంతా తిరిగి కొబ్బరితాళ్లు, చీపుళ్లు, నానమ్మ చీరకొంగు, అన్నీ కొరికేవి.

ఒకరోజు రంగూన్ వెళ్లిన మావయ్య నుంచి ఉత్తరం వచ్చింది. "మీ మావ ఏటి రాసినాడో ఓపాలి సదవరా" అని మా ఇంట్లోనే ఉంటున్న అత్త చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది.

గొలుసుకట్టు రాత, అక్షరాలన్నీ అతుక్కుపోయి ఉన్నాయి. ఒక్కటీ తెలియలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, సాయంత్రం చదువుతానన్నాను. పెరట్లోకి వెళ్లి దాన్ని కుందేళ్ల ముందు పడేశాను. ఇంకో ఉత్తరం వస్తుందిలే అనుకున్నాను.

ఉత్తరం కొరికి ముక్కలు చేశాయని నాన్న కుందేళ్లను చెవులు పట్టుకుని తీసుకెళ్లి ఎవరికో ఇచ్చేశాడు. అవి చేసిన అల్లరికి లెక్కలేదు. ఆ ఒక్కటి మాత్రం నాది.

అత్త ఏడుస్తుంటే చూడలేక, "నాను ముందే సదివినానత్తా. బేగి వొచ్చెత్తానని రాసినాడు" అన్నాను.

ఇంకో ఉత్తరం రాలేదు. పూండిలో రైలు ఆగిన చప్పుడు వినబడితే చాలు, అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడేది. తను చనిపోయేదాకా అంతే. అప్పటికి నాకు గొలుసుకట్టు బాగా వచ్చు.