కోసిగి ఆమె కొన్న తాళం

ఆదోని బజారులో చీరలు కొని, బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ తింటున్నాను. ఎదుటి తాళాల అంగడిలో బట్టల కొట్లలో కంటే ఎక్కువ జనం ఉన్నారు. నా పక్కన నిలబడ్డ ఆమె చేతిలోనూ అరచేయంత తాళం. వాళ్లది దగ్గర్లోని కోసిగి ఊరట. ఎందుకని అడిగాను.

"సుగ్గికి పోతాండామక్కా. ఇంటికి నాలుగు నెల్లు తాళమే."

కూలికి వలస పోవడాన్ని ఇక్కడ సుగ్గి అంటారు. నా నోరు ఊరుకోదు. "ఇంత పెద్ద తాళమా, బంగారం బాగానే దాచినట్టున్నారే" అన్నాను.

ఆమె నవ్వలేదు. "బంగారం యాడిదక్కా. పిల్లోళ్ల బడి పుస్తకాలుండాయి. వాళ్లూ మాతోనే వస్తాండారు. తిరిగొచ్చేసరికి పరీక్షలైపోతాయి."

"మరి ఆ పుస్తకాలకు తాళమెందుకు?"

"వచ్చే ఏడు గూడా అదే తరగతి గదక్కా. పుస్తకాలన్నా ఉండల్ల."