ఎనిమిది చెవుల కర్ర

నా తెలివితేటల వల్ల మా మామకు ఒక కాలు పోయింది. ఈ కథ విని మీరు నవ్వినా తప్పు లేదు, మామే నవ్వుతాడు. నాకు మాత్రం నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

ఊళ్లలోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. నేను ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తుందో చెప్పే యంత్రం నా ప్రాజెక్టు. అందులో ఎనిమిది మైకులు. చప్పుడు ఒక్కో మైకును కాస్త ముందో వెనకో తాకుతుంది. ఆ తేడాలను లెక్కగట్టి లాప్‌టాప్ దిక్కు చెబుతుంది. గాలి హోరును అణచి ఆ దిక్కు గొంతునే పైకి తెస్తుంది.

"మైకులు గుండ్రంగా పెట్టు" అన్నారు మా సారు. గద్వాలలో చీరలు నేసే మా నాయనకు అది నచ్చలేదు.

"గుండ్రంగ ఏంది? నేతోళ్ల ఇంట్ల ఏదైన వరుసగుండాలె" అని పాత మగ్గం కర్ర ఒకటి తీసి ఇచ్చాడు.

జానెడుకొక తూటు పొడిచి మైకులు బిగించాను. దారం పట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. నాయన మీసం తిప్పాడు. నాకు మీసం ఇంకా సరిగా రాలేదు కనుక కాలరు ఎగరేశాను.

మా వీధిలో మగ్గాల మోతకు పరీక్ష సాగక, కర్రను బస్సు మీదికెక్కించి బిజినేపల్లి దగ్గర మామ ఊరికి పోయాను. మామ నేత మానేసి అక్కడ కౌలు చేనులో పల్లికాయ వేస్తున్నాడు. మర్నాడు పొద్దున్నే మామ తప్పిపోయిన ఎద్దును వెతకబోయి ఎంతకూ రాలేదు. అత్తా నేనూ, ఊరివాళ్లు పదిమందీ చేను గట్టు మీదికి చేరాం. గాలిలో సన్నగా మామ కేక వినబడింది. ఎటు నుంచో తెలియలేదు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది. ఇంతకన్నా మంచి పరీక్ష ఎక్కడ దొరుకుతుంది? గట్టు మీద కర్ర పెట్టాను. మామ మళ్లీ అరిచాడు. తెర మీద గీత నిలువునా లేచింది, అంటే కర్రకు సూటిగా ఎదురుగా ఉన్న గుట్ట.

"గుట్ట దిక్కు! జర ఉరకుండ్రి!"

అత్త కదల్లేదు. తల అటూ ఇటూ తిప్పి చెవి పెట్టింది.

"కాదు అల్లుడా, ఎన్కల నుంచి ఇనొస్తుంది. పాత బాయి దిక్కు."

"అత్తా, నీకున్నయి రెండే చెవులు! నా కర్రకు ఎనిమిదున్నయి!" అని ఊరంతా వినబడేలా అరిచాను.

అందరూ నన్నే నమ్మారు. ఎందుకు నమ్మరు? అత్త చదివింది మూడో తరగతి, నా చంకలో లాప్‌టాప్. గుట్ట మీద పొదపొదా వెతికాం. కేక సన్నబడుతూ వచ్చింది. "గుట్ట అవతల ఉన్నడు, అందుకే గట్ల" అని దానికీ కారణం చెప్పాను.

మధ్యాహ్నం అత్త ఎవరికీ చెప్పకుండా ఒక్కతే వెనక్కి పోయింది. నీళ్లు లేని పాత బావిలో మామ పడి ఉన్నాడు. కాలు పెద్ద రాయి కింద నలిగి నల్లబడింది.

"ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే కాలు దక్కేది" అన్నాడు దవాఖానలో డాక్టరు.

ఆ దవాఖాన వరండాలోనే కూర్చుని నా లెక్క మళ్లీ చూసుకున్నాను. ఒకే వరసలో ఉన్న మైకులకు ముందూ వెనకా ఒకటే. గుట్ట నుంచి వచ్చే కేకైనా, సరిగ్గా దాని ఎదురు దిక్కున బావి నుంచి వచ్చే కేకైనా అవే తేడాలతో తాకుతుంది. చీరకు ఉన్నట్టే నా కర్రకూ ఒక ముందు వైపు ఉంటుందనుకుని, తెర మీద ఎదుటి సగమే గీయించాను. అత్త తల తిప్పినట్టు కర్రను ఒక్కసారి తిప్పి విన్నా తెలిసిపోయేది.

నాలుగో రోజు మామ మాట్లాడాడు. "గాలి నా దిక్కే కొడుతుండె అల్లుడా. ఎనిమిదున్నయి అని నువ్వు ఒర్రింది బాయిల ఇనొచ్చింది. ఇగ నా పని అయిపాయె అనుకున్న."

చెప్పి నవ్వాడు. అత్త గోడ వైపు తిరిగింది. నేను మంచం పట్టుకుని ఏడ్చాను.

నాయన ఆ మగ్గం కర్రనే కోసి మామకు చంకకర్ర చేశాడు. తూట్లు ఆరు మిగిలాయి. ఇప్పుడు అది టకటకమంటూ వస్తుంటే ఏ దిక్కు నుంచో నాకు ఏ యంత్రమూ చెప్పక్కర్లేదు.

కనుక, మామకు మిగిలిన ఆ ఒక్క కాలి మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకమీదట ఎవరు కేకేసినా, నేను ముందు అత్త తల ఎటు తిరిగిందో చూస్తాను.