కాశ్యప గోత్రం, గుండె ఆపరేషన్

అమెరికా డాక్టర్లు నోటితో చెప్పిన రిపోర్టులు విని, టైపు చేసి పంపడం నా పని. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. తిరుపతిలో మా ఇంట్లోనే కూర్చుని చేసుకోవచ్చని మద్రాసు కంపెనీ ఒప్పుకుంది. షరతు ఒకటే, రోగి సంగతి నేను పనిచేసే గది దాటకూడదు. ఆఫీసు నుంచి మనిషి వచ్చి చూసి సరేనంటేనే ఉద్యోగం ఖాయం. లేదంటే మళ్లీ వీధి పిల్లలకు ట్యూషన్లు. ట్యూషన్లంటే నాకు ఒళ్లు మంట.

కాబట్టి భద్రత విషయంలో నేను రాక్షసిని. పాస్‌వర్డ్ మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయన అలిగాడు, అలగనిచ్చాను. వైరస్ వస్తుందని ఆడపడుచు పెళ్లి ఫొటోల సీడీని కూడా కంప్యూటర్లో పెట్టనివ్వలేదు. తలుపు మూసుకోవడం ఒక్కటే కుదరలేదు. మా వీధిలో పగటిపూట తలుపు వేసుకుంటే ఇంట్లో గొడవ జరిగిందని పక్కింటివాళ్లు పలకరించడానికి వస్తారు. వచ్చారు కూడా. దాంతో తలుపు తీసి పెట్టి కర్టెన్ కట్టాను.

కర్టెన్ మా అత్తను ఆపలేదు. ఆమె రిటైరైన ఇంగ్లీషు టీచరు. నేను హెడ్‌ఫోన్లలో మునిగి ఉన్నప్పుడు కాఫీ తెచ్చిపెట్టి, వెనక నిలబడి తెర మీద ఉన్నదంతా చదువుతుందని నాకు తెలియదు.

ఆఫీసాయన ఒక శనివారం వచ్చాడు. పాస్‌వర్డ్ మార్చి చూపించమన్నాడు, చూపించాను. వైరస్ సంగతి అడిగాడు, అప్పజెప్పాను. "చాలా బాగుందమ్మా" అని సంతకానికి పెన్ను తీశాడు. అప్పుడే అత్త గుడి నుంచి వచ్చింది.

"తీసుకో నాయనా, ఆంజనేయస్వామి ప్రసాదం. అమెరికాలో ఒకాయనకు సోమవారం గుండె ఆపరేషన్ ఉండాది. ఆయన పేరు మీద అర్చన చేయించినాను" అని, ఆ పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. "గోత్రం తెలీదంటే పూజారి కాశ్యప గోత్రమని చదివేసినాడు."

ఆఫీసాయన ప్రసాదం వడను కళ్లకద్దుకుని తిన్నాడు. లేచి చేతులు కడుక్కున్నాడు. ఆ తర్వాతే అడిగాడు.

"ఈ పేరు మీకెట్లా తెలుసమ్మా?"

"కోడలి కంప్యూటర్లో చదివినాను. మంచి పనే కదా నాయనా?"

"మంచి పనేనమ్మా" అంటూ పెన్ను మూత పెట్టేశాడు.

సాయంత్రానికి నా పాస్‌వర్డ్ పనిచేయలేదు. అత్త మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆమెతో మాటలు మానేశాను. ఆమె నా ఉద్యోగం ఊసే ఎత్తలేదు. మంగళవారం కాఫీ పెట్టి, "ఆయన ఆపరేషన్ ఎట్లయిందో చూసినావా?" అంది.

"యాడ చూసేది? నన్ను లోపలికే రానీలేదు కదా!" అని అరిచాను.

అరిచాక ఏడుపొచ్చింది. ఉద్యోగం కోసమే అనుకున్నాను. కానీ ఆ మనిషి గుండె ఎంత పాడైందో డాక్టరు గొంతులో మొదట విన్నదాన్ని నేను. ఆయన బతికాడో లేదో తెలుసుకునే దారి నాకూ లేదు. ఆ బాధ ఆమెకు నాకన్నా ముందే తెలిసింది.

తర్వాతి శనివారం ఆమె గుడికి బయలుదేరితే నేనూ వెంట వెళ్లాను. అర్చన ఎవరి పేరు మీదని పూజారి అడిగాడు. అత్త నా వైపు చూసింది.

పేరు నేనే చెప్పాను.