ఆపమంటే మళ్ళీ మోగిన గంట

సోమవారం, సాయంత్రం: చర్చి కంప్యూటరులో ఆరాధన గంటకు ఒకటి, మరణ గంటకు రెండు అని పక్కపక్క అంకెలు కేటాయించి, చత్వారమున్న నా చేత ఒకటికి బదులు రెండు నొక్కించారు.

అదే సాయంత్రం: ఆపడానికి కంట్రోలు, సి మీటలు కలిపి నొక్కాను. నా ఆజ్ఞ చెల్లలేదు.

మంగళవారం: గంట బాధ్యత నా నుంచి తప్పించే సంగతి ఆదివారం సంఘపెద్దలు తేలుస్తారని, నన్నొక్క మాట అడగకుండానే చర్చి తలుపుకు కాగితం అంటించారు.

బుధవారం: మా అక్క నాకు పులుసు పంపలేదు.

బోగోలు దగ్గర మా సముద్రపు ఊళ్ళో, నాన్నగారి తరువాత గంట తాడు నా చేతికి వచ్చింది. కంచు గంట పగిలాక దాని పాత మోత రికార్డింగును స్పీకరులో వినిపిస్తున్నాం. మోగించే ప్రోగ్రాం పాస్టరు గారి కోడలు రాసింది. నల్లని తెర, తెల్లని అక్షరాలు. ఆపాలంటే ఆ రెండు మీటలేనని నేర్పింది కూడా ఆమే.

మరణ గంట మా దగ్గర ఒక్కో ప్రాణానికి ఒక్కో విడత. నేను మీటలు నొక్కగానే మోత ఆగేది. హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ మొదటినుంచి అందుకునేది. నేను మళ్ళీ నొక్కేవాణ్ణి. బయట జనానికి వినబడింది వేరు: ఒకరు పోయారు, కాసేపటికి ఇంకొకరు, ఆ వెంటనే మరొకరు. ఒడ్డున వల లాగుతున్నవాళ్ళు సైతం వల వదిలేసి, ఊరికంతటికీ వయసులో పెద్దదైన మా అక్కే పోయి ఉంటుందని ఆమె ఇంటికి పరుగెత్తారు.

చింతపండు ఈనెలు తీస్తున్న అక్క, వచ్చినవాళ్ళు ఏడుస్తుంటే తానూ ఏడ్చింది. కాసేపయ్యాక కళ్ళు తుడుచుకుని, "ఇంతకీ ఎవురే పోయింది?" అని అడిగిందట.

"నువ్వే గదా అవ్వా!"

"నేనింకా ఉండాను గదే! సరే, వచ్చినోళ్ళు ఊరికే పోబాకండి, కాఫీ తాగి పోండి."

చివరకు స్పీకరు తీగ పీకాను. తెర మీద అక్షరాలు మాత్రం పరుగెడుతూనే ఉన్నాయి.

పాస్టరు గారి ఎదుటే కోడలిని నిలదీశాను.

"మీరు రాసిచ్చిందే గదా పెద్దయ్యా? క్రిస్మస్ నాడు గంట మధ్యలో ఆగిందని, 'ఏ కారణం చేతనూ ఆగరాదు' అని సంతకం పెట్టి ఇచ్చినారు. అందుకే ఏ అడ్డం వచ్చినా మళ్ళీ మొదలుపెట్టమని రాసినాను. మీరు నొక్కింది కూడా దానికి ఒక అడ్డమే."

"నేను అడ్డమా?"

"దాని లెక్కలో అంతే. ఎన్నిసార్లు నొక్కినారేంది?"

"ఆగేదాకా నొక్కినాను."

"అయ్యో పెద్దయ్యా, నొక్కినప్పుడల్లా ఇంకొకర్ని పంపించినారే!"

పాస్టరు గారు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. అది దగ్గు కాదు.

ఏ కారణం చేతనూ ఆగరాదని రాసిన మాట నిజమే. కాని నేను కారణాన్ని కాను; గంట బాధ్యుణ్ణి. తాడున్న రోజుల్లో నేను చెయ్యి తీస్తే గంట ఆగేది. ఆ తేడా తెలియని ప్రోగ్రాం తప్పుకు నా చేతిలోని గంట పోవడం న్యాయం కాదు.

కనుక పాస్టరు గారి కోడలిని ఇందుమూలంగా కోరుతున్నాను: నేను ఆపమన్నది ప్రోగ్రాం విన్నదా, లేదా? విని కూడా మళ్ళీ మోగించిందా? ఆదివారం సంఘపెద్దలు కూర్చునే లోగా సంతకంతో లిఖితపూర్వక సమాధానం ఇవ్వవలెను. నవ్వును సమాధానంగా స్వీకరించను. ఒక ప్రతి మా అక్కకు కూడా పంపవలెను, ఆమె సజీవంగా ఉన్నట్టు అందులో స్పష్టంగా పేర్కొంటూ.