గచ్చిబౌలి దాటాక సముద్రం

ఆ రోజుల్లో ప్రపంచంలోని ప్రతి విషయానికీ అనుకూల పక్షం, ప్రతికూల పక్షం అని రెండే ఉంటాయని, వాటి మధ్య నిలబడి తీర్పు చెప్పడానికే నేను పుట్టానని గట్టిగా నమ్మేదాన్ని. నిజామాబాద్ కాలేజీలో చర్చా పోటీల కప్పులు మోసిన చేతులతోనే వచ్చి, మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ట్రైనీగా చేరాను. అప్పటి మాదాపూర్ అంటే బండరాళ్లు, వాటి మధ్య కొత్తగా లేస్తున్న అద్దాల గోడలు, ఆ అద్దాల్లో మళ్లీ బండరాళ్లు. క్యాంటీన్‌లో ఇడ్లీ చల్లారిపోయిందని చెప్పడానికి కూడా ‘గౌరవనీయులైన అధ్యక్షా’ అన్నంత గంభీరంగా మొదలుపెట్టేదాన్ని కనక, చేరిన వారంలోపే నా అసలు పేరు పోయి ‘అధ్యక్షా’ అన్నది స్థిరపడింది. ఆ పేరు పెట్టింది లింగంపల్లిలో నాతో గది పంచుకున్న తోటి ట్రైనీ. ఆమెను మేమంతా ఆమె ఊరి పేరుతో ‘కాకినాడ’ అనే పిలిచేవాళ్లం.

ఒకనాడు మా బ్రాంచికి అధిపతి అయిన పెద్దసారు (గోదావరి జిల్లా మనిషి, ఆఫీసు గేటు లోపల ఇంగ్లీషు తప్ప మాట్లాడేవారు కాదు) ట్రైనీలందరినీ శని, ఆదివారాలు బీచ్ రిసార్ట్‌కు తీసుకెళ్తున్నట్టు ప్రకటించారు. కాకినాడ సంతోషంతో ఊరికి ఫోన్ చేసి, మన వైపే వస్తున్నామని కూడా చెప్పేసింది. తీరా బస్సు స్టేషన్ వైపు కాకుండా గచ్చిబౌలి వైపు తిరిగి, జొన్నచేల మధ్య కోకాపేట దారి పట్టి, ఒక చెరువు పక్కన ఆగింది. గట్టు మీద నీలిరంగు బోర్డు, దాని మీద అల, అల మీద ఎగురుతున్న పెద్ద చేప. బోర్డు వెనక లారీలతో తెచ్చి పోసిన ఇసుక, డ్రమ్ముల్లో నాటిన కొబ్బరి మొక్కలు, తాటాకు కప్పిన గదులు. ఎక్కడి నుంచో అలల హోరు వినిపిస్తోంది గాని, చెరువులో నీళ్లు మాత్రం కదలడం లేదు.

రిసార్ట్ యజమాని పూల చొక్కా, తెల్ల పంచె కట్టుకుని ఎదురొచ్చాడు. ఆ భూమి ఆయన తాతల నాటిది. అందరూ తనను ‘మామ’ అని పిలవాలని ఆయనే కోరాడు. “ముందుగాల్నే చెప్తున్న. సముద్రం గిట్ల లేదు. ఇసుక మాత్రం అసలుదే,” అన్నాడు. అంతలో హోరు టక్కున ఆగింది. “జర ఆగుండ్రి, సముద్రం తిప్పేసొస్త,” అని లోపలికి పరిగెత్తాడు. క్యాసెట్ రెండో వైపు మొదలైంది. కాకినాడ అక్కడే ఇసుకలో కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

మధ్యాహ్నం టీ దగ్గర పెద్దసారు అసలు సంగతి బయటపెట్టారు. ఇక ముందు చేరే ప్రతి ట్రైనీల జట్టునూ ఇక్కడికే పంపాలా వద్దా అన్నది కంపెనీ తేల్చుకోవాలట. “ఇక్కడికి రావడంలోని మంచిచెడ్డలు రేపు ఉదయం మీరు చెప్పండి. దాన్నిబట్టి చూద్దామండి,” అన్నారు నావైపు తిరిగి. గేటు బయట ఆయన తెలుగు వినడం నాకు అదే మొదటిసారి. నేను వెంటనే లేచి, ‘బీచ్ రిసార్ట్’ గురించి మాట్లాడే ముందు ఇక్కడ బీచ్ ఉందో లేదో తేలాలని ఒక ప్రాథమిక అభ్యంతరం దాఖలు చేశాను. (అప్పటికి నేను సముద్రం చూసి ఉండలేదు. చూడకపోవడం వాదానికి అడ్డు వస్తుందని మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు.) అందరూ చప్పట్లు కొట్టారు. మామ ఒక్కడే ఖాళీ టీ కప్పులు తీసుకుని వెళ్లిపోయాడు.

చేతులు కడుక్కోవడానికి వంటింటి వెనక్కి వెళ్లినప్పుడు మామ భార్య మాట వినపడింది. “చుట్టుపక్కలోళ్లంత కంపెనీలకు అమ్ముకున్నరు. నువ్వొక్కనివి ఇసుక పోసుకొని కూసున్నవ్. ఈ సార్లు గూడ వద్దంటే ఇగ నేనేం ఆగ. మీ అన్నదమ్ములు తెచ్చిన బేరానికి ఊ అనుడే.”

“ఆ పొల్ల ఏం చెప్తదో చూద్దాం తియ్,” అన్నాడు మామ.

ఆ పొల్ల అంటే నేనే. గదిలోకి వచ్చి కాకినాడకు చెప్పాను. “అయితే బీచ్ ఉందని చెప్పెయ్యవే, నీ సొమ్మేం పోయింది?” అంది ఆమె. “లేనిదాన్ని ఉందని ఎలా అంటాను?” అన్నాను. “పోనీ లేదని చెప్పి, ఆయన పొలం అమ్మించు. అప్పుడు నీ నిజం నువ్వు, నీ కప్పు నువ్వు!” అంది. కాలేజీలో ఏ ప్రతిపక్షమూ నన్ను అంత ఇరుకున పెట్టలేదు.

చీకటి పడకముందే వాన వచ్చింది. మామూలు వాన కాదు, పైనున్న బండల మీద నుంచి నీళ్లు ఎర్రగా కిందికి దూకి, తిన్నగా ఇసుకలోకి వచ్చాయి. లారీల కొద్దీ పోసిన బీచ్ మా కళ్లముందే జారి చెరువులోకి నడవడం మొదలుపెట్టింది. మామ పార పట్టుకుని అడ్డం దూకాడు. “పోతున్నదిరా అయ్యా, పోతున్నది!” అని ఆయన అరుస్తుంటే మొదట కదిలింది కాకినాడే. “చూస్తారేంటండీ అందరూ? ఆ డ్రమ్ములు అడ్డంగా దొర్లించండి! బస్తాలు పట్రండి!” అని కేకలేసింది. పెద్దసారు ప్యాంటు మోకాళ్లపైకి మడిచి, అప్పటిదాకా మేము కలలో కూడా ఊహించని గొంతుతో, “ఒరేయ్, ఆ పరుపు ఇటు పట్టుకురండ్రా!” అన్నారు. నేను అన్నం గిన్నెతో ఇసుక ఎత్తిపోశాను. నా గిన్నె నింపుతున్న అబ్బాయి రెండు నెలలుగా నా పక్క కంప్యూటర్ దగ్గరే కూర్చుంటున్నాడు. అతనిది ఏ ఊరో అతను చెప్పగా అప్పుడే తెలిసింది. సగం బీచ్ దక్కింది, సగం చెరువు పాలైంది. మామ భార్య మాకందరికీ వేడివేడి జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పెడుతూ, “ఏం పిల్లలో ఏమో, ఒక్కరన్న చెప్పులిప్పిండ్రా?” అని తిట్టింది. అంత ఆత్మీయమైన తిట్టు నేను హైదరాబాద్ వచ్చాక తినలేదు.

మర్నాడు ఉదయం, రాత్రంతా రాసుకున్న కాగితంతో అందరి ముందు లేచి నిలబడ్డాను. చెడ్డలు ముందు చెప్పాను, ఒక్కటీ దాచలేదు. సముద్రం క్యాసెట్‌లో ఉంది, అదీ మధ్యలో ఆగుతుంది. కొబ్బరి మొక్కకు కాయ లేదు. గదిలో వాన బయటికంటే కాస్త ఆలస్యంగా మొదలవుతుంది గాని, బయట ఆగాక కూడా కురుస్తుంది. మంచి అని రుజువు చేయగలిగింది ఒక్కటే దొరికింది. వచ్చేటప్పుడు బస్సులో ఎవరి కిటికీ వాళ్లం చూసుకుంటూ వచ్చినవాళ్లం, ఇప్పుడు ఒకరి తువ్వాలుతో ఒకరం తల తుడుచుకుంటున్నాం. “కనక, అధ్యక్షా, ఈ తీర్మానాన్ని ఉన్నదున్నట్టుగా నేను సమర్థించలేను. ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాను. బోర్డు మీద ‘బీచ్’ అనే మాట తొలగించాలి. తొలగిస్తే నా పూర్తి సమర్థన. లేదంటే పూర్తి వ్యతిరేకత.”

పెద్దసారు మామవైపు చూశారు. మామ బోర్డువైపు చూశాడు. ఎగురుతున్న ఆ చేపంటే ఆయనకు ఎంత ఇష్టమో ముఖం చూస్తేనే తెలుస్తోంది. రెండడుగులు ముందుకేసి, తోక నుంచి తల దాకా దాన్ని చాలాసేపు చూశాడు. నా నియమం కోసం ఆయన పొలాన్ని పందెం కాశానని అప్పుడే తట్టింది.

“సగం ఇసుక కొట్టుకపాయె. ఇగ బీచెక్కడిది బిడ్డా,” అన్నాడు చివరికి. “తీసేస్త. చేపను మాత్రం ఉండనియ్యి.”

చేప విషయంలో నాకు అభ్యంతరం లేదని సభకు తెలియజేశాను.

పెద్దసారు అక్కడికక్కడే సరేనన్నారు. ఆ తర్వాత చాలా ఏళ్లు మా కొత్త ట్రైనీలు ఆ చెరువు గట్టు మీదే ఒకరికొకరు పరిచయమయ్యారు. ఒక మాట సవరించి ఒక మనిషి భూమిని కాపాడానన్న గర్వంతో నేను ఆ కథను ఎన్ని చోట్ల ఎంత విస్తారంగా చెప్పానో లెక్క లేదు. పెద్దసారు ఉద్యోగ విరమణ సభలో, ఆయన సమక్షంలోనే, మరోసారి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, నవ్వి, నన్ను పక్కకు పిలిచారు.

“ఆ రిసార్ట్ సంగతి ముందురోజు సాయంత్రమే ఖాయం చేసేశానండి. మోకాలి లోతు బురదలో ఉండగానే మామకు మాటిచ్చేశాను.”

“మరి ఉదయం నన్ను మాట్లాడనిచ్చారెందుకు?”

“మామే అడిగాడండి. ‘ఆ పొల్ల రాత్రంత ఏదో రాసుకుంటున్నది సార్, పాపం, చెప్పనియ్యుండ్రి’ అన్నాడు. చేప గురించి అంతసేపు ఆలోచిస్తాడని మాత్రం నేనూ అనుకోలేదు.”

నేనక్కడే నిలబడి, అంత గంభీరంగా సవరణ ప్రతిపాదిస్తున్న ఆ పిల్లను, ఎదురుగా నవ్వు బిగబట్టుకుని వింటున్న ఆ ఇద్దరు పెద్దమనుషులను మరోసారి చూసుకున్నాను. నేను నోరు విప్పకపోయినా నెగ్గి ఉండే వాదం అది. అయినా నెగ్గినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇప్పటికీ అదే.