సాహెబు కాలికి కాపలా

చిత్తూరులో మా కాంపౌండుకు మూడు వాకిళ్లు. రోడ్డు వైపు ఇల్లు మా ఓనరు మునిరత్నమ్మది. మధ్యలో ఉండేది నేను. కోర్టు దగ్గర టైపు కొట్టి బతుకుతున్నాను. పొద్దంతా ఊళ్లోవాళ్ల తగాదాలు కొట్టికొట్టి ఇంటికొచ్చేసరికి మనిషి గొంతు వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. చివరి వాకిలి టైలరు పీరా సాహెబుది, ఆయన భార్య రహిమున్నీసది. నేను చెప్పబోయేది ఆమె గురించే. ఆమెనడిగితే మాత్రం, "నాదేముండాది పంకజాక్షీ సెప్పేదానికి, వంట సేసేది, అంట్లు తోమేది" అంటుంది.

వాళ్ల ఇంట్లో పట్టపగలు కూడా చీకటే. అందుకని సాహెబు వేపచెట్టు కింద రేకు దించుకుని మిషను అక్కడే వేసుకున్నాడు. చక్కెర జబ్బు మనిషి. ఆ జబ్బు ఏళ్ల తరబడి లోపల్లోపలే పనిచేసి రెండు పాదాల్లోనూ స్పర్శ తినేసింది. పోయిన ఏడాది కాలికి సూది గుచ్చుకుంటే ఆయనకు తెలియలేదు. తెలిసేసరికి చిటికెన వేలు తీసేయాల్సి వచ్చింది. "ఇంకో పుండు పడిందంటే వేలితో పోదమ్మా, పాదం పోతుంది" అని డాక్టరు రహిమున్నీసకు చెప్పి పంపించాడు. పాదం పోతే మిషను పోయినట్టే, మిషను పోతే ఆ ఇల్లు పోయినట్టే.

ఆనాటినుంచి రోజూ పొద్దు గుంకి మగ్రిబ్ నమాజు కాగానే సాహెబు మంచం మీద కూర్చుంటాడు. ఆమె కింద కూర్చుని ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని, టార్చి వేసి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు వేలు వేలూ విడదీసి చూస్తుంది. అప్పటికి ఆమె పగలంతా మూడిళ్లల్లో పనిచేసి వచ్చి ఉంటుంది. కళ్లు మూతలు పడుతుంటాయి. అయినా ఒక్క రోజు మానలేదు.

అట్లాంటి కొంపలోకి వానలు పట్టగానే ఎర్రచీమలు దిగాయి. మామూలు చీమలు కావు, కుడితే నిప్పురవ్వ పడ్డట్టే. మర్నాటికి చీము పొక్కు లేస్తుంది. వేపచెట్టు మొదట్లో, సరిగ్గా మిషను పక్కనే, మట్టి తోడి పుట్టలు పెట్టాయి. ఒక సాయంత్రం టార్చి వెలుగులో ఆయన మడమ చుట్టూ పొక్కులు కనిపించాయి. నన్ను కూడా పిలిచి చూపించింది. ఆయనకు నిజంగానే చీమ కుట్టినట్టు లేదు. "ఏముండాది ఆడ?" అని అడుగుతున్నాడు పాపం.

ఆమె చేయని పని లేదు. సలసలా కాగే నీళ్లు పోసింది. పక్కనున్న కరివేపాకు చెట్టు చచ్చింది, చీమలు చావలేదు. మందు పొడి చల్లింది, వాన కడుక్కుపోయింది. మిషను కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టింది, వేపాకు రాలి పడితే దాన్నే వంతెన చేసుకుని ఎక్కాయి. చెప్పులేసుకోమంటే, "తొక్కుడు తప్పిపోతాది రహిమా" అంటాడాయన. మోటారు పెట్టించుకున్నా కాలు నేల మీద పెట్టాల్సిందే కదా. ఆ చీకటింట్లో కూర్చుని కుట్టాలంటే సూదిలో దారం కనపడదు.

ఇన్ని చేసినా చీమలు పెరుగుతూనే ఉన్నాయెందుకా అని చూద్దుము గదా, మునిరత్నమ్మ! కొడుకు ధనశేఖర్‌కు ఏల్నాటి శని పట్టిందట, చీమలకు రవ్వా చక్కెరా వేస్తే వదులుతుందని ఎవరో చెప్పారట. శనివారం శనివారం వేయమంటే ఈవిడ రోజూ వేస్తోంది, దోసిళ్లతో, అదీ వేపచెట్టు మొదట్లో! నాకు పూనకం వచ్చినంత పనైంది.

"మీ కొడుక్కు శని వదలాలని ఈయన కాలికి పట్టిస్తారా?" అని ఎగిరాను.

"ఏమ్మే పంకజాక్షీ, నోరు శానా లేస్తా ఉండాదే! నోరు లేని జీవాలకు పిడికెడు ఏస్తే నీ సొమ్మేం పోయింది?" అని ఆవిడ నాకంటే ఎత్తు ఎగిరింది.

రహిమున్నీస మధ్యలోకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "గమ్మునుండు. కొట్లాడే ఓపిక నాకు లేదమ్మా" అని మునిరత్నమ్మ వైపు తిరిగి, "అక్కా, నీకు మోకాళ్ల నొప్పులు గదా. రోజూ వొంగి ఎందుకు యాతన? రవ్వ నాకియ్యి, నేనేస్తా" అంది.

ఆవిడ ఆలోచనలో పడింది. "మళ్లా పుణ్యం ఎవురికి పోతాదో?"

"పుణ్యం నీ కొడుక్కే అక్కా. చీమలు నాకు."

మునిరత్నమ్మ ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది. గిన్నె తను ముట్టి ఇస్తుంది. వేసేటప్పుడు కాళ్లకు చెప్పులుండకూడదు. "దేవుడి పని మే, మర్సిపోబాక" అని హెచ్చరించింది. రహిమున్నీస తలూపింది.

ఇక రోజూ సాయంత్రం అదే పని. పుట్ట దగ్గర మొదలుపెట్టి రవ్వను రోజుకు కాస్త దూరంగా వేస్తూ పోయింది. తులసికోట దాకా, బోరు పైపు దాకా, ఆఖరికి వెనక గోడ మూల కాలువ పక్కకు. అవి ఎక్కడికి పోతున్నాయో చూస్తూ వట్టికాళ్లతో ఆ మూల నిలబడేది. తిండి ఎటు పోతే చీమలు అటు పోయాయి. వేపచెట్టు కింది మట్టి పుట్టలు ఎండి పొడిపొడిగా రాలాయి. సాహెబు మడమ మీది పొక్కులు మానాయి. నేను నవ్వాను కూడా. "అక్కా, తురకోళ్ల ఇల్లాలివి శనికి పూజారయ్యావే!" అంటే, "ఏ దేవుడైతే ఏమి, ఆ కాలు నిలబడితే సాలు" అంది. ఆ మాట అనడానికి కూడా ఆమెకు ఆయాసమొచ్చింది.

మొన్న సాయంత్రం నేను కోర్టు నుంచి వచ్చేసరికి రహిమున్నీస వెనక గోడ దగ్గర గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. మొహంలో ఎన్నాళ్లకో కాస్త కళ. "డాక్టరు కాలు సూసినాడు పంకజాక్షీ. పుండు జాడే లేదంట. ఇంగ బయం లేదన్నాడు" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఏదో అనబోయి కిందికి చూశాను. ఆమె రెండు పాదాల మీదా ఎర్రగా గుంపులు గుంపులుగా పాకుతున్నాయి. చీలమండలు దాటి పైకెక్కుతున్నాయి.

"అక్కా, చీమలు! కాలు చూడు, కాలు!" అని అరిచాను.

"అయ్యో, యాడ?" అంటూ గిన్నె పారేసి వేపచెట్టు వైపు పరిగెత్తింది. మిషను కింద కూలబడి సాహెబు పాదాలు రెండు చేతుల్తో ఎత్తి తడుముతోంది. "యాడ, యాడుండాయి? నాకు కనపడలేదే!"

సాహెబు మిషను ఆపి ఆమె కాళ్ల వైపు చూశాడు. నేను బక్కెట్టుతో నీళ్లు తెచ్చి పోసి, చీర అంచుతో ఆమె కాళ్లు తుడిచాను. వేళ్ల సందుల్లో పొక్కులు. కొన్ని కొత్తవి, కొన్ని చితికి నల్లబడినవి.

"నొప్పి తెలీలేదా అక్కా?" అన్నాను.

"కొన్నాళ్లుగా తిమ్మిర్లు. శానాసేపు నిలబడతా గదా, అలసటనుకుంటి" అని లేవబోతూ సాహెబు వైపు తిరిగింది. "నువ్వు కుట్టుకో, యూనిఫారాలు ఇయ్యాల కదా."

ఆమె ఏనాడైనా చక్కెరకు రక్తం చూపించుకుందా? లేదు. ఆ ఇంట్లో జబ్బు సాహెబుది, కాపలా ఆమెది. ఆమెను చూడాలని ఎవరికి తోచింది గనుక?

సాహెబు స్టూలు మీది నుంచి నెమ్మదిగా దిగి నేల మీద ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "రహిమా, కాలు ఇట్లియ్యి" అన్నాడు.

"సీ, వొదులు. పంకజాక్షి సూస్తా ఉండాది."

"సూడనీ. ఇయ్యి."

ఆమె పాదం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. టార్చి నన్ను పట్టుకోమని, కళ్లద్దాలు సవరించుకుని, ఒక్కొక్క వేలే విడదీసి చూడటం మొదలుపెట్టాడు.