జమున నిలబడే చోటు

తొలి వాన పడి కాఫీ తోటలు పూతకొచ్చి, అరకు లోయంతా మల్లెల్లాంటి వాసన కమ్ముకుంటే టూరిస్టులు ఆహా ఓహో అంటారు గానీ, నాకు మాత్రం ఇప్పటికీ ఒక విజిల్ మోతే గుర్తొస్తుంది. మా చిన్నప్పటి రగ్బీ సెలెక్షన్లు సరిగ్గా ఆ పూతలోనే వచ్చాయి.

మా ఆశ్రమ పాఠశాల పీఈటీ మాస్టారు ఫోన్లో వీడియోలు చూసి, తను నేర్చుకుంటూ మాకు నేర్పారు. రగ్బీలో రెండు రకాలనీ, ఆయన చూసినవి పదముగ్గురు ఆడే లీగ్ రకమనీ మాకేం తెలుసు? అందులో అందరికన్నా వెనక నిలబడే ఫుల్‌బ్యాక్‌ది ఒకటో నంబరు. మేం ఆడేది ఏడుగురమే అయినా ఆ నంబరు మాత్రం నా స్నేహితురాలు జమునదే. పొద్దున్నే రాగి అంబలి తాగి, చెప్పుల్లేని కాళ్ళతో మంచులో తడిసిన గడ్డి మీద పరిగెడుతుంటే, వెనక జమున ఉందన్న ధైర్యమే మాకు ధైర్యం. చైత్రంలో వచ్చే ఇటుకల పండగకి మగాళ్ళంతా కలిసి వెళ్ళే వేటలో, జంతువు తప్పించుకుపోయే దారిని ఒంటరిగా కాసే మనిషి వాళ్ళ నాన్న. ఆ నిలకడే కూతురికీ వచ్చింది. స్పోర్ట్స్ హాస్టల్లో సీటొస్తే సరే, లేకపోతే పదితో చదువు చాలన్నదీ ఆ నాన్నే.

సెలెక్షన్ల రోజు విశాఖ నుంచి వచ్చిన మేడమ్ నంబరడిగితే జమున ఒకటంది. మేడమ్‌ది రెండో రకం, యూనియన్ ఆట. అందులో ఒకటో నంబరంటే ప్రాప్, రెండు జట్లూ ఎదురెదురుగా తలలు దూర్చి నెట్టుకునే స్క్రమ్‌లో ముందు వరస బలశాలి. పుల్లలా ఉండే జమునని తీసుకెళ్ళి అక్కడ పెట్టారు. పెద్దవాళ్ళు నిలబెట్టిన చోట మారుమాట లేకుండా నిలబడడం మా కొండల్లో మర్యాద, అందుకే అది అక్కడే తల దూర్చింది, నేను నా చోటుకి పోయాను. స్క్రమ్ కూలబడినప్పుడల్లా దాని మెడకేమయిందోనని, దాని సీటు పోయినట్టేనని అటే చూసేదాన్ని.

ఇంతలో అవతలి పిల్ల బంతితో మమ్మల్ని దాటేసింది. జమున ముందు వరస వదిలేసి వెనక్కి పరిగెత్తి, గీత దగ్గర ఆ పిల్ల కాళ్ళు చుట్టేసి పడగొట్టింది. మేడమ్ విజిలేసింది.

"ఏటమ్మా, నీ సోటు వదిలీసి అక్కడికేటి పరుగు?"

"అదే నా సోటు మేడమ్."

"పదిహేనుమంది ఆటలో అక్కడ నిలబడీది పదిహేనో నంబరు. ఏడుగురి ఆటలో ఆ సోటుకి నంబరే లేదు."

"నంబరు లేకపోతే ఏటి మేడమ్, ఎవులో ఒకలు నిలబడాల కదా?"

మేడమ్ మిగతా ఆటంతా దాన్ని వెనకే ఆడించింది. సీటు జమునకొచ్చింది, నాకు రాలేదు. ఆ వారమే అది జీపెక్కి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేనే పీఈటీని. జట్టు దాడిని నడిపే ఆటగాణ్ణి లీగ్‌లో స్టాండాఫ్, యూనియన్‌లో ఫ్లైహాఫ్ అంటారనీ, న్యూజిలాండ్ వాళ్ళకి అతనే ఫస్ట్ ఫైవ్ అనీ మా పిల్లలు గడగడా చెప్పేస్తారు. ఇటుకల వేటలు పేరుకే మిగిలాయి, మేం ఆడిన గడ్డి మీద సెలవుల్లో కార్లు నిలుపుతున్నారు. పిల్లలతో ఆడుతూ ఆడుతూ నాకు ఉన్నట్టుండి భయమేస్తుంది, వెనక్కి తిరిగి చూస్తాను. జమున ఉండదు.